నర్మదుని ‘రాజ్యరంగము’

గుజరాతీ సాహిత్యమున నవయుగమునకు ద్వారము తెఱచినవారిలో నర్మదాశంకర లాలశంకర దవే ప్రథమగణ్యుడు. 1833లో సూరతు నగరమున జన్మించి, 1886లో బొంబాయిలో కన్నుమూసిన ఈ రచయితను లోకము కవిగా, సంస్కర్తగా, ‘నర్మకోశము’ను కూర్చిన నిఘంటుకర్తగా ఎఱుగును. చరిత్రకారునిగా ఆతనిని తలచువారు తక్కువ. అయినను ఆతని మనఃపరిణామమును గ్రహింపగోరువారు మొదట చూడవలసినది కవిత్వము కాదు. 1874, 1876 సంవత్సరములలో రెండు భాగములుగా వెలువడిన ‘రాజ్యరంగ’ మను ప్రపంచచరిత్రము.

‘రంగ’ శబ్దమునకు వర్ణమనియు, నాట్యస్థలమనియు రెండర్థములు గలవు. ప్రాచీన రాజ్యములు మొదలుకొని అర్వాచీన రాజ్యముల వఱకు లేచి పడిన విధము నొక్కచో చూపబూనిన గ్రంథమునకు ఈ పేరు చక్కగా నమరినది. గుజరాతీ వచనము ఇంకను పాదు కట్టుకొనుచున్న దినములలో ఇంతటి భారమును దానిపై మోపుట సాహసమే.

యౌవనమున నర్మదుడు 1864లో ‘డాండియో’ పత్రికను స్థాపించి మూఢాచారములపై ధ్వజమెత్తెను. వితంతూద్వాహమును బోధించుటయే గాక తానును వితంతువును పెండ్లాడెను. రాజ్యముల ఉత్థానపతనములను పరిశీలించిన కాలముననే ఆతని దృష్టి మాఱినది. స్వధర్మనిష్ఠయే జాతికి రక్షయను నిర్ణయమునకు ఆతడు చేరెను. ఆ నిర్ణయఫలమే 1885 నాటి ‘ధర్మవిచారము’. ఈ మార్పును పిఱికితనమనుట అన్యాయము. చదివిన చరిత్రము తన్ను మార్చుటకు సమ్మతించిన రచయిత నిజాయితీపరుడే.

కాని నిజాయితీ వేఱు, నిరూపణము వేఱు. ఆతని జన్మస్థలమే ఇందుకు సాక్షి. మొగలాయీల కాలమున మక్కాయాత్రికులకు రేవై వెలసిన సూరతును శివాజీ 1664లోను, 1670లోను కొల్లగొట్టెను. 1759లో కోట ఆంగ్లేయుల వశమయ్యెను. 1837లో అగ్నిప్రమాదమును, తాపీనది వరదయు నగరమును క్రుంగదీసినవి. మొగలుప్రభుత్వము బలహీనమగుట, పశ్చిమాసియా వర్తకము తగ్గుట, బొంబాయి పైకి వచ్చుట — ఇవి ఆ పతనమునకు హేతువులు. ఆ వర్తకులు ధర్మము తప్పుటచే రేవు చెడలేదు. తన ఊరి సంగ్రహచరిత్రను స్వయముగా వ్రాసిన నర్మదుడు ఆ పాఠమును ప్రపంచచరిత్రకు అన్వయించియుండినచో, ఆతని తీర్పు ఇంత సుకరముగా వెలువడి యుండదు. వేఱొక చిక్కును గలదు: మహారాష్ట్రమున వీరగాథయైన ఘట్టమే సూరతు వీథులలో దోపిడికథ. మహాపురుషుని చరిత్రము వ్రాయువాడు ఈ రెండు వాకిళ్లలోను నిలిచి చూడవలెను.

తెలుగుసీమలో 1881లో రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించిన వీరేశలింగము తన పట్టును తుదివఱకు విడువలేదు. ఆయనకు పిమ్మట, 1906లో విజ్ఞానచంద్రికామండలిని స్థాపించిన కొమఱ్ఱాజు లక్ష్మణరావు చరిత్రరచనను శాసనపరిశోధనముతో ముడిపెట్టెను. 1910లో చిలుకూరి వీరభద్రరావు ‘ఆంధ్రుల చరిత్రము’ వెలువడ నారంభించెను. నర్మదునకు లభింపనిది ఈ శాసనసంపత్తియే. ఆధారము స్వల్పమైనచోట ఆవేశము తీర్పరి యగుట సహజము. నేటి చారిత్రక నవలాకారులు ఆధారములు చేతనుండియు అదే దారి త్రొక్కినచో వారికి ఆ క్షమార్హత లేదు.