ఉపచారము చేయువారి పేర్లు – అర్థవిచారము

శిశువును, రోగిని, వృద్ధులను కనిపెట్టుకొని యుండువారికి ఒక భాషలో గల పేర్లను పరిశీలించినచో, ఆ భాషీయులు ఆ పనికిచ్చిన గౌరవము తేటపడును. దాది, ఆయా, మంత్రసాని, పరిచారిక, నర్సు, సంరక్షకుడు, పోషకుడు మున్నగు పదములు తెలుగున వాడుకలో నున్నవి. అయినను వీనిలో ఏ యొకటియు నేడు మనకు కావలసిన అర్థమును సమగ్రముగా నీయదని మా యభిప్రాయము. అందుకు హేతువును విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

'దాది' సంస్కృత 'ధాత్రీ' శబ్దభవము. ధాత్రి యనగా పాలిచ్చి పెంచునది. తల్లికిని భూమికిని అదియే పేరు. అట్టి శబ్దము తద్భవరూపమున పరుల యింట బిడ్డ నెత్తుకొను స్త్రీకి మాత్రమే పరిమితమైనది. 'సాని' చరిత్రయు నిట్టిదే. 'స్వామినీ' శబ్దభవమైన ఈ పదము 'దొరసాని' యందు గౌరవమును నిలుపుకొన్నది. విడిగా వాడినపుడు వేశ్యార్థమునకు దిగినది. 'మంత్రసాని' యందు రెంటికి నడుమ నిలిచినది. 'ఆయా' పోర్చుగీసు నుండి వచ్చినది. ఆ భాషలో అది పిల్లలను పెంచి తీర్చు స్త్రీకి పేరు. మన యాసుపత్రులలోను, 1975లో ఆరంభమైన శిశు అభివృద్ధి పథకపు అంగన్‌వాడీలలోను అది క్రింది పనివారి పేరైనది.

సంరక్షక, పోషక శబ్దముల స్థితి దీనికి విపర్యయము. సంరక్షకుడు న్యాయపరిభాషలో మైనరునకు, అతని యాస్తికి బాధ్యుడు. పోషకుడనగా నేడు ముఖ్యముగా ధనమిచ్చువాడు. రాత్రి మేలుకొని మందు త్రాగించినవారిని ఈ పదములు స్ఫురింపజేయవు. కావున మన నామవాచకములు ఉపచారము చేయువారిని క్రిందనో మీదనో నిలుపుచున్నవే కాని, ప్రక్కన నిలుపుట లేదు.

వైద్యశాస్త్రమున ఈ లోపము లేదని కొందఱనవచ్చును. చరకుడు చికిత్సకు నాలుగు పాదములను చెప్పుచు వైద్యునితోను, ఔషధముతోను, రోగితోను సమానముగా పరిచారకుని లెక్కించినమాట నిజము. ఉపచారజ్ఞానము, దక్షత, అనురాగము, శుచిత్వము అతనికి ఉండవలసిన గుణములు. కాని ఆ యనురాగము 'భర్త' యందు, అనగా ప్రభువునందు, ఉండవలెనని చెప్పుటలో సేవ్యసేవక భావము విడువలేదు. 'శుశ్రూష' శబ్దమును చూడుడు. దాని మూలార్థము వినగోరుట. దాని నుండి ఆజ్ఞాపాలనము, దాని నుండి సేవ. రోగి మూలుగును వినుటయు వినుటయే కదా! అయినను శబ్దము ఆ త్రోవను పోక గురుప్రభువుల యాజ్ఞవైపే పోయినది.

ఈ సందర్భమున సంస్కృత భారతము నుద్యోగపర్వమందలి కర్ణుని మాటలు గమనింపదగినవి. జన్మరహస్యమును తెలిపి పాండవపక్షమునకు రమ్మనిన కృష్ణునితో అతడు రాధను గూర్చి చెప్పునపుడు, ఆమెను ధాత్రి యని పేర్కొని ఊరకుండలేదు. తనపై ప్రేమచే ఆమెకు పాలు వచ్చుటను, తన మలమూత్రములను ఆమె యెత్తుటను చెప్పినాడు. పేరు చేయలేని పనిని ఇచట క్రియ చేసినది. రాధ చేసిన యుపచారమునకు దక్కిన నామగౌరవము మఱియొకటి కలదు: అది 'రాధేయు'డను కర్ణుని పేరే.

తెలుగు బలము కూడ క్రియలయందే కలదని మేము తలంచుచున్నాము. సాకుట, చూచుకొనుట, కనిపెట్టుకొని యుండుట – వీనికి కర్త తల్లి కావచ్చును, కొడుకు కావచ్చును, కూలికి వచ్చినవారు కావచ్చును. క్రియ వారి యంతస్తును అడుగదు. కావున 'కేర్‌గివర్' వంటి పదములను అనువదించువారు క్రొత్త సమాసమును కల్పించుటకు ముందు 'చూచుకొనువారు', 'సాకినవారు' అను రూపములను పరీక్షింపవలెను.

దీనికొక ఆక్షేపణ కలదు. ఉద్యోగమునకు, జీతమునకు నామవాచకము కావలెను. 'చూచుకొనువారు' అను మాట కుటుంబమున జీతము లేక పనిచేయువారిని మఱింత మఱుగుపఱుపవచ్చును. ఈ యాక్షేపణ బలవంతమైనదే. 'నర్సు' అను పేరు పరభాషాపదమైనను చదువును, జీతమును, హక్కును వెంటఁబెట్టుకొని వచ్చినదని యొప్పుకొనవలెను. ఆ పేరునకు రోగులే 'అమ్మ'ను చేర్చి 'నర్సమ్మ', 'సిస్టరమ్మ' యని పిలిచి ఆత్మీయతను కలిపినారు. పండితులు చేయని సంధిని వారు చేసినారు.

కాబట్టి ఉద్యోగనామమును తీసివేయవలెనని మేము చెప్పుట లేదు. నిఘంటుకర్తలు ఆ పదముల క్రింద సేవకార్థమునొక్కటే వ్రాసి విడువక, చేయు పనిని వివరింపవలెను. పరిశోధక విద్యార్థులు ఆయా మండలములలో ఈ పనివారిని ఇతరులు ఏమని పిలుచుచున్నారో, వారు తమ్ము తాము ఏమని చెప్పుకొనుచున్నారో వేర్వేరుగా సేకరింపవలెను. ఆ రెండు పట్టికలకు గల భేదము తెలిసిననాడే ఈ విచారము సమగ్రమగును.