తలుపు తెరుచుకున్నాక

‘రూమ్’ (2015) మొదటిసారి చూసినప్పుడు, జాక్ ట్రక్కులోంచి దూకి బయటపడగానే ఊపిరి పీల్చుకుని టైమ్ చూశాను. ఇంకా సగం సినిమా ఉంది. ఇక చెప్పడానికేముంది అనుకున్నాను. ఈమధ్య మళ్లీ చూస్తే ఆ మిగిలిన సగమే అసలు సినిమా అనిపించింది. దాని గురించి రాయాలంటే కథంతా చెప్పక తప్పదు, చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

పదిహేడేళ్లప్పుడు జాయ్‌ని ఒకడు ఎత్తుకెళ్లి తన పెరట్లో షెడ్డులో బంధిస్తాడు. ఏడేళ్లు. అక్కడే పుట్టిన జాక్‌కి సినిమా మొదట్లో ఐదో పుట్టినరోజు. పైకప్పులో ఒక అద్దపు కిటికీ, మంచం, సింకు, బీరువా, టీవీ. అంతే వాడి లోకం. పొద్దున్నే లేచి ఒక్కో వస్తువునీ పలకరిస్తాడు. మనం చందమామతో మామ వరస కలిపినట్టు వాడికి సింకూ దీపమూ చుట్టాలు. అమ్మకి చెర అయినది వాడికి సొంతూరు.

ఎమ్మా డోనహ్యూ నవల (2010) మొత్తం జాక్ గొంతులోనే నడుస్తుంది. స్క్రీన్‌ప్లే కూడా ఆవిడే రాసింది. కానీ సినిమాలో జాక్ మాటల పక్కనే అమ్మ మొహమూ మనకి కనిపిస్తూ ఉంటుంది. వాడికి అందనిది మనకి అందుతుంది. రాత్రి వచ్చే ఆ మనిషిని దర్శకుడు లెన్నీ అబ్రహమ్సన్ బీరువా తలుపు సందుల్లోంచి, జాక్ చూసినట్టే చూపిస్తాడు. అంతకన్నా ఎక్కువ చూపించి ఉంటే నేను చూడలేకపోయేవాణ్ణి.

పిల్లాడు చచ్చిపోయాడని నమ్మించి, తివాచీలో చుట్టి పంపించే సీన్ గురించి అందరూ చెబుతారు. బాగుంటుంది, కాదనను. మొదటిసారి ఆకాశాన్ని చూస్తున్న వాడి కళ్లు చాలవా, అంత సంగీతం ఎందుకో!

అసలు కష్టం ఇంటికొచ్చాక మొదలవుతుంది. అమ్మానాన్నా విడిపోయారు. నాన్న మనవడి మొహం చూడలేడు. వాణ్ణి చూడమని భోజనాల బల్ల దగ్గర జాయ్ నిలదీస్తుంది. అయినా ఆయన వల్ల కాదు. ఆ తర్వాత సినిమా ఆయన్ని వదిలేసింది, అది నాకు నచ్చలేదు. ఆ మనిషి ఎలా బతికాడో కాస్తయినా తెలుసుకోవాలనిపించింది. అమ్మతో గొడవ మాత్రం మర్చిపోలేను. నువ్వు నాకు మంచిగా ఉండమని నేర్పకపోతే, జబ్బు చేసిన కుక్క ఉందన్నవాడికి సాయం చెయ్యడానికి నేను ఆగేదాన్నే కాదేమో అంటుంది జాయ్. ఆడపిల్లల్ని అణకువగా పెంచే ఏ ఇంట్లోనైనా తగిలే మాట ఇది.

తర్వాత టీవీ ఇంటర్వ్యూ. పుట్టగానే పిల్లాణ్ణి ఏ ఆసుపత్రి దగ్గరో వదిలేసి రమ్మని వాణ్ణి అడగొచ్చు కదా, కనీసం బిడ్డయినా స్వేచ్ఛగా పెరిగేవాడు కదా అంటుంది యాంకర్. మొదటిసారి ఆవిణ్ణి తిట్టుకున్నాను. రెండోసారి సిగ్గేసింది. ఎవరైనా ఆడమనిషి తనకి జరిగింది బయటపెట్టినప్పుడు, అప్పుడే ఎందుకు చెప్పలేదని నేనూ మనసులో అనుకున్నవాణ్ణే. ఆ ప్రశ్న మర్యాదగా, మెత్తగా వస్తుంది. ఏడేళ్ల చెరలో నిలబడిన మనిషి దాని తర్వాత చచ్చిపోబోతుంది. గదిలో ఉన్నంతకాలం జాక్‌ని కాపాడటమే ఆమె పని. బయట వాణ్ణి చూసుకోవడానికి అమ్మమ్మ ఉంది, ఇంకో పిల్లాడితో ఆట ఉంది. మరి ఆమెకేం మిగిలింది? బ్రీ లార్సన్‌కి ఆస్కార్ ఏ సీన్‌కి వచ్చిందని ఎవరైనా అడిగితే నేను ఏడుపు సీన్లు చెప్పను. ఆ ప్రశ్న విన్నాక మాట కోసం వెతుక్కునే ఆ కొద్ది క్షణాలే చెబుతాను.

చివర్లో గదిని చూడాలని జాక్ అడుగుతాడు. పోలీసులు సామానంతా తీసేశారు. ఇంత చిన్నదా అని వాడికి ఆశ్చర్యం. తలుపు తీసి ఉంటే అది గదే కాదంటాడు. మిగిలిన ఒక్కో వస్తువుకీ టాటా చెప్పి, అమ్మనీ చెప్పమంటాడు. ఆమె పెదవులు కదులుతాయి, గొంతు బయటికి రాదు. బయట మంచు కురుస్తూ ఉంటుంది.