నక్షత్రనౌకలకు సముద్రమెక్కడిది?

శూన్యములో పోవుచున్న వ్యోమనౌక ఇంజనును ఆపివేసినచో ఏమగును? తరగతిలో ఈ ప్రశ్న అడిగినపుడెల్ల, "కొంత దూరము పోయి ఆగిపోవును" అని చెప్పు విద్యార్థులు నాకు తటస్థపడుచునే ఉన్నారు. వారు న్యూటను మొదటి నియమమును తప్పు లేకుండ అప్పజెప్పగలవారే. ఈ భ్రమను బలపరచు వానిలో నక్షత్రనౌకాదళముల యుద్ధక్రీడలు కూడ ఉన్నవి. కనుక వాని నియమములను విజ్ఞానశాస్త్ర దృష్టితో పరిశీలించుట అవసరము.

ఈ క్రీడలకు పుట్టినిల్లు సముద్రము. 1898లో ఇంగ్లండులో ఫ్రెడ్ టి. జేన్ తన నౌకాయుద్ధక్రీడ నియమములను ప్రకటించెను. చిన్న నమూనా ఓడలతో ఆడు ఆట అది. సముద్రముపై ఓడ సమవేగముతో పోవుచున్నప్పుడు ఇంజను చేయు పని నీటి నిరోధమును, గాలి నిరోధమును ఎదుర్కొనుటకే సరిపోవును. ఇంజను ఆగినచో ఓడ క్రమముగా వేగము కోల్పోయి నిలిచిపోవును. కావున ఇంజను శక్తిని బట్టి ఓడ వేగమును నిర్ణయించుట సముద్రపు ఆటలో న్యాయమే.

ఇక నక్షత్రముల నడుమ జరుగు ఆటను చూతము. స్టీఫెన్ వి. కోల్ రూపొందించిన 'స్టార్ ఫ్లీట్ బ్యాటిల్స్' 1979లో అమెరికాలో వెలువడెను. 'స్టార్ ట్రెక్' టెలివిజన్ కథలు దీనికి ఆధారము. ప్రతి వంతులోను ఆటగాడు తన నౌకలో పుట్టు శక్తిని కదలికకు, ఆయుధములకు, కవచములకు పంచవలెను. ఒకచోట ఎక్కువ ఇచ్చిన మరియొకచోట తగ్గును. ఉన్న శక్తిని లెక్కగా వాడుకొనుటను ఇంత చక్కగా నేర్పు ఆటలు అరుదు. కాని కదలికకు శక్తి కేటాయింపని వంతులో నౌక నిలిచిపోవును! నీరులేని చోట దానిని ఆపిన బలమేది? ఆ నౌకను నడుపునది కాంతిని మించిన వేగమునిచ్చు ఊహాయంత్రమనియు, దానికి న్యూటను నియమములు వర్తింపవనియు కొందరు సమర్థింపవచ్చును. కథకు ఆ స్వేచ్ఛ కలదు. అయినను ఆ ఊహాయంత్రము సైతము చివరకు సముద్రపు ఓడవలెనే నడచుట గమనింపదగినది.

దీనికి ఆరేండ్లు ముందే, 1973లో, మార్క్ మిల్లర్, జాన్ హార్షమన్ అను ఇరువురు 'ట్రైప్లానెటరీ' అను ఆటను రూపొందించిరి. ఇందులో నౌక గత వంతులో ఏ దిశగా ఎన్ని గళ్ళు జరిగెనో, ఈ వంతులోను అట్లే జరుగును. ఒక పాలు ఇంధనము వెచ్చించినచో చేరవలసిన స్థానము ఒక్క గడి మాత్రము మారును. నాలుగు గళ్ళ వేగముతో పోవు నౌకను ఆపుటకు సాధారణముగా నాలుగు పాళ్ళ ఇంధనము కావలెను. గ్రహము ప్రక్కగా పోయినచో దాని ఆకర్షణ నౌక దారిని వంచును. శత్రువును తరుముచు పోయి, ఆగలేక అతనిని దాటిపోయిన ఆటగాడు జడత్వమును మరి మరువడు. ఈ ఆటకును లోపములున్నవి. గ్రహములు కక్ష్యలలో తిరుగక ఉన్నచోటనే ఉండును. యుద్ధమంతయు ఒకే తలములో జరుగును. కాని ఇవి ఆట సులభమగుటకు చేసికొన్న సరళీకరణములు. మూలసూత్రమునకు వీనివలన హాని లేదు.

ఉపాధ్యాయులు ఈ సూత్రమును గళ్ళ కాగితముపైననే చూపవచ్చును. మొదటి వంతులో నౌక కుడివైపునకు మూడు గళ్ళు జరిగెననుకొందము. రెండవ వంతులో ఇంజనుతో దానిని ఒక గడి పైకి త్రోయుదము. అది మూడు గళ్ళు కుడికి, ఒక గడి పైకి పోవును. మూడవ వంతులో ఇంజను ముట్టకున్నను మరల అంతే పోవును. తరువాత కాగితముపై ఒక చుక్క పెట్టి, నౌకను అక్కడ ఆపుమని విద్యార్థులను కోరవలెను. చుక్కను చేరక ముందే వెనుకకు త్రోయనారంభింపవలెనని వారు తామే కనుగొందురు.

నక్షత్రనౌకల ఆటను ఎన్నుకొనునప్పుడు బొమ్మల అందము కంటె ముందు ఒక్క ప్రశ్న వేయవలెను: ఇంజను ఆపిన పిమ్మట ఈ నౌక ఏమి చేయును? సమాధానము "ఆగును" అయినచో, అది నక్షత్రముల రంగు పూసిన సముద్రమే.