ఫీజు సున్నా, రేటు ఎంత?

నెల మొదటి వారం వచ్చిందంటే పాతబస్తీ శాలిబండలో మా గల్లీ మాటలన్నీ రియాళ్లు, దిర్హమ్‌ల చుట్టూనే తిరుగుతాయి. ఒకరి కొడుకు జెడ్డాలో డ్రైవరు, ఇంకొకరి అల్లుడు షార్జాలో ఏసీ మెకానిక్కు. ఇప్పుడు చాలామంది ఫోన్‌లోని వాలెట్ నుంచే పంపుతున్నారు. యాప్ వాడటం రెండు రోజుల్లో ఎవరికైనా వచ్చేస్తుంది. రేటు చదవడమే కూర్చుని నేర్చుకోవాల్సిన పని.

ఆమధ్య, డాలరు 84 రూపాయలున్నప్పుడు, పక్కింటి ఖాలా ఫోన్ నా ముందు పెట్టారు. "బేటా, ఇందులో ఫీజు సున్నా అంటున్నాడు మావాడు. ఇదే మంచిది కదా?"

"ఫీజు సంగతి తర్వాత చూద్దాం ఖాలా. రెండు వేల రియాళ్లు పంపితే మీ ఖాతాలో ఎన్ని రూపాయలు పడతాయో రెండు యాప్‌లలోనూ చూసి చెప్పమనండి."

వీడియో కాల్‌లో అతను చదువుతుంటే కాగితం మీద రాసుకున్నాం. ఫీజు లేని యాప్‌లో రియాలుకు 22.10, మొత్తం 44,200. ఇంకో యాప్ పది రియాళ్ల ఫీజు తీసుకుని, మిగిలిన 1,990 రియాళ్లకు 22.35 చొప్పున 44,476 ఇస్తోంది. తేడా 276 రూపాయలు. నెలనెలా ఇలాగే పోతే ఏడాదికి మూడు వేల మూడు వందలు. "అంటే ఫీజు లేదన్నవాడే ఎక్కువ తీసుకుంటున్నాడు" అన్నారు ఖాలా, నేను చెప్పకముందే.

అసలు రేటు కనుక్కోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. 1986 నుంచి సౌదీ రియాలు డాలరుకు 3.75గా కట్టేసి ఉంది. ఆ రోజు డాలరు రేటును 3.75తో భాగిస్తే సరి: 84కి 22.40. దిర్హమ్ అయితే 3.6725తో. వచ్చిన అంకెకీ, యాప్ చూపించే అంకెకీ మధ్య ఉన్నదే వాళ్లు తీసుకునేది. ఫీజు ఉంటే దానికి అదనం.

రెండు నాణేల లెక్క పాతబస్తీకి కొత్తేమీ కాదు. నిజాం కాలంలో చార్మినార్ బొమ్మున్న హాలీ సిక్కా ఇక్కడిది, కల్దార్ బ్రిటిష్ వాళ్లది. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. 1918 నుంచి సొంత నోట్లు కూడా ఉండేవి. బొంబాయితో వ్యాపారం చేసేవాళ్లకు ఈ లెక్క నోటికి రావాల్సిందే. ఇవాళ మార్పిడి వట్టం తెర మీద ఎక్కడా కనిపించకుండా రేటులోనే దూరింది కాబట్టి ఆ లెక్క మళ్లీ కావాలి.

ఉమ్రాకు వెళ్లేవాళ్లకూ ఒక మాట. మక్కాలో కార్డు మిషన్ "రూపాయల్లోనా, రియాళ్లలోనా?" అని అడిగితే రియాళ్లనే నొక్కండి. రూపాయలంటే ఆ మిషన్ వాడి రేటు పడుతుంది, అది సాధారణంగా మనకు నష్టమే. ఫారెక్స్ కార్డులో అవసరానికి మించి రియాళ్లు నింపుకోకండి. మిగిలినవి తిరిగి రూపాయలయ్యేటప్పుడు ఇంకోసారి కోత.

హవాలా మాట ఎత్తకుండా ఈ విషయం పూర్తికాదు. విదేశీ మారకం మీద ఉన్న ఫెమా చట్టం ప్రకారం అది నిషిద్ధం. అయినా ఎందుకు నడిచిందో మా గల్లీకి తెలుసు. మనిషి ఇంటికొచ్చి నోట్లు లెక్కపెట్టి ఇచ్చి వెళతాడు. ఫారం నింపడం రాని తల్లికి అది చిన్న విషయం కాదు. కానీ అక్కడ పంపిన రియాలుకు కాగితం ఉండదు. డబ్బు మధ్యలో ఆగితే అడగడానికి చోటుండదు, రేపు ఇంటి లోన్‌కి వెళితే చూపించడానికి ఏమీ ఉండదు. యాప్ రసీదు ఇస్తుంది. దాన్ని తీసిపెట్టుకోమని కనిపించిన ప్రతి కుర్రాడికీ చెబుతున్నాను.

2023 ఫిబ్రవరిలో మన యూపీఐ సింగపూర్ చెల్లింపుల వ్యవస్థ పేనౌతో ముడిపడింది. ఖాతా నుంచి ఖాతాకు నేరుగా పంపే ఆ సులువు గల్ఫ్ నుంచి వచ్చే చిన్న మొత్తాలకూ రావాలి. అంతకన్నా ముందు నాకు కావలసింది ఇంకొకటి ఉంది. సౌదీలో వాలెట్ తెరవాలంటే చెల్లుబాటయ్యే ఇకామా, అంటే నివాస అనుమతి, ఉండాలి. దాన్ని రెన్యూ చేయించాల్సింది యజమాని. అతను చేయించకపోతే కార్మికుడి ఖాతా ఆగిపోతుంది, జీతం అందులోనే ఇరుక్కుంటుంది. అప్పుడు ఎంత మంచి రేటున్న యాప్ అయినా అతనికి పనికిరాదు. ఒప్పందాల బల్ల దగ్గర రెండు ప్రభుత్వాలూ కూర్చున్నప్పుడు, డబ్బు పంపే దారితో పాటు ఈ ఇకామా సంగతీ మన వాళ్లు గట్టిగా అడగాలి.