ఆశ్రయమా, పరస్పరాధారమా? - శాకుంతల వనచిత్రణ, ‘పిల్లలమర్రి’ భావన

వ్యాససంగ్రహం:
అడవిలో చెట్లు ఒకదానితో ఒకటి సంభాషిస్తాయనీ, ఆదుకుంటాయనీ చెప్పే వైజ్ఞానిక రచనలు వెలువడిన తరువాత, ప్రాచీన కావ్యాలలోని వృక్షవర్ణనలను వాటికి ముందస్తు సాక్ష్యాలుగా చదివే ధోరణి కనిపిస్తున్నది. ఇది కావ్యానికీ, విజ్ఞానానికీ న్యాయం చేయదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: శాకుంతలం, పినవీరభద్రుడు, పిల్లలమర్రి, వృక్షసంబంధం, రూపకం.

1. ఉపోద్ఘాతం:
సూర్యాపేట సమీపంలోని పిల్లలమర్రి, కాకతీయ సామంతులైన రేచర్ల రెడ్ల ఆలయాలకు ప్రసిద్ధం. అక్కడి ఎరకేశ్వరాలయం 1208 నాటిది. 15వ శతాబ్దపు కవి పినవీరభద్రుని ఇంటిపేరూ పిల్లలమర్రే. ఆయన కాళిదాసు నాటకాన్నీ, భారతకథనూ కలుపుకొని ‘శృంగారశాకుంతలం’ రచించాడు. ఈ ఊరిపేరులోని వృక్షభావననూ, ఆ ప్రబంధానికి మూలమైన నాటకంలోని వనచిత్రణనూ పక్కపక్కన పెట్టి చూడడం ఇక్కడి ఉద్దేశం.

2. వైజ్ఞానిక భూమిక:
సుజాన్ సిమార్డ్ బృందం 1997లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన పరిశోధన, కెనడా అడవిలో బర్చ్, డగ్లస్ ఫర్ మొక్కల మధ్య కర్బనం ఇరువైపులా ప్రసరించిందని చూపింది. వేళ్లను ఆశ్రయించిన శిలీంధ్రాల అల్లిక ఇందుకు మార్గమని వివరించింది. తరువాత సిమార్డ్ వాడిన ‘తల్లిచెట్టు’ అనే మాట లోకప్రసిద్ధమైంది. అయితే పెద్దచెట్లు ఈ అల్లిక ద్వారా తమ సంతతికే ప్రత్యేకంగా పోషకాలనూ, హెచ్చరికలనూ పంపుతాయనడానికి అడవులలో తగిన ఆధారాలు లేవని 2023లో జస్టిన్ కార్‌స్ట్, మెలనీ జోన్స్, జేసన్ హోక్సెమా సమీక్షించి చెప్పారు. కొలవగలిగిన కర్బన ప్రసరణ ఒకటి. దానికి తొడిగిన బంధుత్వం మరొకటి. రెండవది రూపకం.

3. శాకుంతలంలో తీగ, చెట్టు:
నాటకం నాలుగవ అంకంలో చెట్లు శకుంతలకు పట్టువస్త్రాన్నీ, లత్తుకనూ ఇస్తాయి. కోకిల కూతను కణ్వుడు వాటి అనుమతిగా గ్రహిస్తాడు. ఇక్కడ చెట్లు పరస్పరం మాట్లాడుకోవడం లేదు. చెట్లకు నీరు పోయనిదే తాను తాగని, అలంకారప్రియ అయినా చిగురు తుంచని ఆడపడుచుకు అవి బదులిస్తున్నాయి. ఈ సన్నివేశం నిలుపుతున్నది వృక్షశాస్త్రాన్ని కాదు, మనిషి చెల్లించిన ఋణానికి ప్రతిస్పందనను.

మొక్కల మధ్య సంబంధం కనిపించేది వనజ్యోత్స్న విషయంలో. మామిడిని అల్లుకున్న ఈ నవమాలికను మొదటి అంకంలో అనసూయ స్వయంవర వధువుగా వర్ణిస్తుంది. నాలుగవ అంకంలో కణ్వుడు తీగకు చెట్టు, కూతురికి భర్త దొరికారని ఒకేచోట ఊరట పొందుతాడు. ఆ వెంటనే వచ్చే తిరస్కారం ఆ ఊరటను వమ్ము చేస్తుంది. తీగకు దొరికిన ఆశ్రయం శకుంతలకు దొరకదు. పోలిక ఇచ్చిన భరోసా కథలో నిలవకపోవడమే ఈ రూపకం బిగువు. దీనిని ‘చెట్ల సహకారం’గా మాత్రమే చదివితే, స్త్రీని పరాధీనగా చూపే అల్లికా, అది తెగిపోయే ఘట్టమూ రెండూ మరుగున పడతాయి.

4. ‘పిల్లలమర్రి’ భావన:
ఊరిపేరును చరిత్రకు సాక్ష్యంగా కాక భాషలోని ఊహగా తీసుకుంటే మరొక నమూనా కనిపిస్తుంది. మర్రికొమ్మల నుంచి దిగిన ఊడలు నేలను తాకి, వేళ్లూని, బోదెలవలె బలిసి కొమ్మలను మోస్తాయి. జీవశాస్త్రం దృష్టిలో ఇదంతా ఒకే చెట్టు. భాష మాత్రం దానిని తల్లీపిల్లలుగా విడదీసి చూసింది. ‘తల్లిచెట్టు’ ఊహలో తల్లి పిల్లలకు పెడుతుంది. పిల్లలమర్రిలో పిల్లలే తల్లిని నిలబెడతారు. తీగ చెట్టుపై ఆనుకుంటుంది. ఊడ తాను నేలలో నిలిచి చెట్టుకు ఆధారమవుతుంది.

కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలు నేడు సాగర్ ఎడమకాలువ కింది వరిపొలాల సీమ. ఇటువంటి చోట చెట్టుతో సంబంధాన్ని ఊహించడానికి దట్టమైన అడవే ఉండనక్కరలేదు. ఒక్క మర్రి చాలు. పర్యావరణ విమర్శ అడవి వర్ణనలతో పాటు ఊరిపేర్లనూ, ఇంటిపేర్లనూ పాఠ్యంగా స్వీకరించవలసిన అవసరాన్ని ఇది సూచిస్తుంది.

5. ముగింపు:
నేటి పరిశోధన రుజువు చేసిందని కావ్యాన్ని మెచ్చుకుంటే, రేపు ఆ పరిశోధన సవరణకు గురైనప్పుడు కావ్యం విలువా తగ్గిపోవాలి. అలా తగ్గదు. శాకుంతలంలోని తీగ, పిల్లలమర్రిలోని ఊడ చెట్లను గురించిన సమాచారం కన్నా ముందు, ఎవరు ఎవరిని మోస్తున్నారన్న ప్రశ్నను పాఠకుని ముందుంచుతాయి. విమర్శ మొదట అడగవలసిందీ ఆ ప్రశ్ననే.