పౌనుకు ఎన్ని పప్పులు?

కాశీబుగ్గలో జీడిపప్పు కొట్టుకి వెళ్తే 180, 210, 240, 320 అని రకాల పేర్లు చెబుతారు. అంకె తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది. కొత్తవాళ్లకు ఇది తలకిందుల లెక్క. విషయం ఏమిటంటే, పౌనుకు ఎన్ని పప్పులు తూగుతాయో ఆ అంకె చెబుతుంది. మనం కిలోల్లోకి మారి అరవై ఏళ్లు దాటినా ఎగుమతి వ్యాపారం పౌనును వదల్లేదు. పౌనంటే 453.6 గ్రాములు. 180 రకం పప్పు ఒక్కోటి రెండున్నర గ్రాములు తూగితే, 320 రకం ఒకటిన్నరకు కాస్త అటూ ఇటూ. ఇదే జిల్లాలోని పొందూరులో అంకె పెరిగితే ఖద్దరు ధర పెరుగుతుంది. నూలు కౌంటు కూడా పౌనులోంచి పుట్టిందే మరి! అక్కడ సన్నదనానికి విలువ, ఇక్కడ లావుకి.

నాకు అంతకన్నా వింతగా తోచేది బద్ద ధర. గుండుపప్పు రెండుగా విడితే బద్ద. రుచి అదే, నేతిలో వేగితే రంగూ అదే. ధర మాత్రం దిగిపోతుంది. ఎందుకో తెలియాలంటే పిక్కలు కోసే కార్మికురాలి బల్ల దగ్గర కాసేపు కూర్చోవాలి.

ఉడికించి ఆరబెట్టిన పిక్కను ఆమె రెండు కత్తుల మధ్య పెడుతుంది. పిక్క వంపుకు తగ్గట్టే కత్తులూ వంగి ఉంటాయి. కాలితో పెడల్ నొక్కితే అవి పెంకులోకి దిగుతాయి. చేత్తో పిడి తిప్పితే పెంకు విచ్చుకుంటుంది. కాలు వెంట్రుకవాసి ఎక్కువ దిగిందా, పప్పు తెగుతుంది. తగ్గిందా, పెంకు విడదు. ఇక్కడి ఉద్దానం తోటల్లో ఒకే చెట్టు కాసినా రెండు పిక్కలు ఒక్క తీరుగా ఉండవు కాబట్టి, ఆ కాలు ప్రతిసారీ కొత్తగా అంచనా వేసుకోవాలి. పెంకులోని జీడి చర్మాన్ని పొక్కిస్తుంది. అందుకే వేళ్లకు ఆముదమో బూడిదో రాసుకుంటారు. 320 రకం కిలో పప్పు కావాలంటే ఇదంతా 700 సార్లు దాకా జరగాలి.

ఆ తర్వాత పప్పును వేడిలో ఎండబెడతారు. పొట్టు వదులవుతుంది గానీ పప్పు పెళుసెక్కుతుంది. ఆ పెళుసు పప్పు మీదే చిన్న కత్తితో పొట్టు తీయాలి. 80 కేజీల పిక్కల బస్తాకు వచ్చే పప్పు 20 కేజీలకు అటూ ఇటూ. అందులో గుండ్లు ఎన్ని నిలిచాయన్నదాన్ని బట్టే లాభం. గుండుకు మనం ఎక్కువిచ్చేది విరగకుండా తీసిన ఆ పనితనానికే. అందులో ఆ చేతికి చేరేదెంతో బిల్లులో ఉండదు.

పాయసానికైతే బద్ద కొనండి, బర్ఫీకైతే ముక్క చాలు. గుండే కావాలంటే ఒకటి తీసి వెలుతురులో తిప్పి చూడండి. ఎక్కడా కత్తి గాటు లేకపోతే అడిగిన ధర ఇచ్చేయండి.