'టూ లీవ్స్ అండ్ ఎ బడ్' నవలలో తోట కూలీల ఆరోగ్యం – ఒక పరిశీలన

ముల్క్ రాజ్ ఆనంద్ ఆంగ్లంలో రాసిన 'టూ లీవ్స్ అండ్ ఎ బడ్' నవల 1937లో వెలువడింది. తేయాకు కొమ్మ చివర కూలీలు తుంచే రెండాకులు, ఒక మొగ్గ అని ఈ పేరుకు అర్థం. పంజాబులో అప్పుల పాలై భూమి పోగొట్టుకున్న గంగూకు సర్దారు బూటా కొత్త భూమి వస్తుందని ఆశ చూపి, భార్యాబిడ్డలతో సహా అస్సాం తోటకు తీసుకువస్తాడు. ఆ కాలంలో గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి కూడా కూలీలు అస్సాం వెళ్లారు. కనుక ఇది మనకు మరీ పరాయి కథ కాదు.

కూలీల జబ్బులకు కారణాన్ని నవలలో సూటిగా చెప్పేది తోట డాక్టరు డి లా హావ్ర్. కలరా కలుషితమైన నీటితో వ్యాపిస్తుందని అతనికి తెలుసు. కూలీ లైన్లకు మంచినీటి పథకం ఒకటి తయారుచేసి మేనేజరు క్రాఫ్ట్-కుక్‌కు ఇస్తాడు. మేనేజరు దాన్ని పక్కన పెడతాడు. తర్వాత కలరా రానే వస్తుంది. మందు తెలియక కాదు, కూలీల మీద ఆ ఖర్చు పెట్టడం యాజమాన్యానికి ఇష్టం లేకనే రోగం వచ్చిందని రచయిత చూపుతున్నాడు. అయితే డాక్టరు చేత ఆయన చెప్పించిన ఉపన్యాసాలు మరీ ఎక్కువయ్యాయి. అక్కడ నవల వ్యాసంలా మారిపోతుంది.

గంగూ భార్య సజని మరణం తర్వాత వచ్చే ఘట్టంలో ఉపన్యాసం లేదు. దహనానికి డబ్బు లేక గంగూ అప్పు కోసం మేనేజరు దగ్గరకు వెళతాడు. అంటురోగం ఉన్న చోటు నుంచి వచ్చాడని మేనేజరు అతన్ని తిట్టి వెళ్లగొడతాడు. ఈ ఒక్క సన్నివేశంలో కూలి, అప్పు, రోగం మూడూ కలిసి కనిపిస్తాయి. ఇంటిల్లిపాదీ ఆకు కోసినా దహనానికి సరిపడా మిగలలేదు. మేనేజరుకు రోగం బంగళా దాకా రాకూడదన్నదే ముఖ్యం. లైన్లలో అది ఎందుకు పుట్టిందన్న ప్రశ్న అతనికి లేదు. నా దృష్టిలో నవలకు ఇదే గుండెకాయ.

ముగింపు విషయంలో మాత్రం అభ్యంతరం చెప్పవచ్చు. కూతురు లీలను కాపాడబోయిన గంగూను అసిస్టెంటు మేనేజరు రెగ్గీ హంట్ కాల్చి చంపుతాడు. విచారణలో నిర్దోషిగా విడుదలవుతాడు. జాత్యహంకారాన్ని ఇది బలంగానే చూపుతుంది. కాని పాఠకుని దృష్టి అంతా ఒక దుర్మార్గుని మీదికి మళ్లుతుంది. తుపాకి దెబ్బకు పేరుకైనా విచారణ జరిగింది, సజని మరణానికి అదీ లేదు. ఆనంద్ ఈ తేడాను మనకు గుర్తు చేయకుండానే కథ ముగించాడు.

స్వాతంత్ర్యానంతరం 1951లో తోట కార్మికుల చట్టం వచ్చింది. అందులో ఆరోగ్యానికి సంబంధించిన అధ్యాయం తాగునీటితోనే మొదలవుతుంది. నవలలో డాక్టరు అడిగిందీ అదే.